కారు గల ఇంటి కోడలు

కారు గల ఇంట్లో కాపురం చేసినదాన్ని నేను. ఈ మాట చెప్తే మా మనవళ్ళు, మనవరాళ్ళు "అబ్బో, ఆ కాలంలోనే కారా అవ్వా!" అని కండ్లు పెద్దవి చేస్తారు. ఆ అబ్బో మీరే పెట్టుకోండి నాయనా, నాకొద్దు. ఆ కారు మా గడప ముందర నిలబడినాక నేను మా అమ్మను కండ్లారా చూసుకునింది లేదు. దాని పేరెత్తితే నాకిప్పటికీ ఒళ్ళు అలిసిపోయినట్ల ఉంటాది.

మా అత్తగారిల్లు చిత్తూరు. మా ఇంటాయనకు బెల్లం మండీ ఉండె. మా పుట్టిల్లు చంద్రగిరి. మా నాయన పోయినాక అమ్మ మా తమ్ముడి దగ్గర ఉండె. తమ్మునిది తిరపతి రోడ్డు పక్కనే చిన్న అంగడి. సూదులు, దారాలు, కుంకుమ, కర్పూరం, కొండకు పోయేవాళ్ళకు కావాల్సిన చిల్లర సామాన్లు. ముందర అంగడి, వెనకాల ఇల్లు. బస్సు సరిగ్గా ఆ అంగడి ఎదురుగానే ఆగుతాది. అమ్మ పొద్దస్తమానం ఆ అంగట్లోనే కూర్చుంటా ఉండె. ఖాళీగా కూర్చునే మనిషి కాదు, బేరం చెయ్యడంలో మా తమ్ముని కంటే గట్టిది.

అట్లాంటామెకు కండ్లు తగ్గడం మొదలుపెట్టె. తిరపతిలో కంటి డాక్టరుకు చూపిస్తే, ఇది పొర కాదు, కోసి తీసేదానికి లేదు, లోపల నరం ఎండిపోతా ఉండాది, మెల్లిమెల్లిగా పోతాది అని చెప్పినాడు. నేనూ తమ్ముడూ ఏడుపు మొహాలు వేసుకుంటే, ఆమె మమ్మల్నే కసిరింది. ఇంటికొచ్చినాక మాత్రం నన్ను పక్కన కూర్చోబెట్టుకొని ఒక్క మాట అడిగింది. "ఉండేవి పోతాయి, దానికేం జేస్తాం. కనపడినన్నాళ్ళూ వచ్చి కనపడి పో పాపా. నీ మొగం బాగా చూసి పెట్టుకుంటా." ఆమె నన్ను అడిగిన కోరిక అదొక్కటే. చీర అడగలేదు, సొమ్ము అడగలేదు. వస్తానని చేతిలో చెయ్యేసి చెప్పినా.

వస్తానంటే ఎట్ల రావాల? బస్సులోనే. రైలు ఉండె గానీ, స్టేషను మా వీధికి దూరం, అదీగాక యుద్ధం రోజులు, బండ్లు తగ్గించినారు, వచ్చిన బండి నిండా సిపాయిలే. బస్సైతే మా వీధి మొదట్లో ఎక్కితే అమ్మ ఎదురుగా దిగచ్చు.

బస్సు సుఖమని నేను చెప్పను. అబద్ధమెందుకు? పెట్రోలు దొరక్క బస్సులన్నీ బొగ్గు బస్సులైపోయినాయి. వెనక పక్క నీళ్ళు కాంచే అండా మాదిరి ఒక పెద్ద డ్రమ్ము, దాంట్లో బొగ్గు. బయలుదేరే ముందు క్లీనరు దాని పక్కన నిలబడి పిడి తిప్పీ తిప్పీ గాలి కొట్టి రాజెయ్యాల. గ్యాసు పుట్టేలోపల ఎక్కినవాళ్ళ ఉత్సాహం చచ్చిపోతాది. పాకాల దాటినాక మిట్ట వస్తే, "దిగండప్పా దిగండి" అని కండక్టరు అరుపు. ఆడోళ్ళు పిల్లల్ని చంకనేసుకొని నడవాల, మొగోళ్ళు తొయ్యాల. కొండకు పోయే జనం "గోవిందా, గోవిందా" అంటా తోస్తా ఉండ్రి. తోసేటోళ్ళలో ఒగరిద్దరు ఊరికే చెయ్యి ఆనించి గోవిందలు మాత్రం గట్టిగా కొట్టేది. వాళ్ళను చూసి మేము నవ్వుకుంటా నడుస్తా ఉంటిమి. దిగేసరికి ముక్కులో మసి, రైకంతా మసి. నడుములు పడిపోతా ఉండె. ఎండాకాలంలో ఆ డ్రమ్ము సెగకు వెనక బెంచీ వాళ్ళు ఉడికిన చిలగడదుంపలే.

అయినా పోతా ఉంటిని. ఎవుర్నీ అడిగే పని లేదు. అత్తకు చెప్పి, మూట చంకన పెట్టుకొని పోయేదే. బస్సు నిండా జనం, అందరూ తెలిసిన మొహాలే, ఆడోళ్ళు నలుగురైదుగురు తప్పకుండా ఉంటారు. ఒంటరిగా పోయిందనే మాటే రాదు. పొద్దున పోయి ఒక రాత్రి అమ్మ పక్కన పండుకొని, మర్నాడు తిరిగి వస్తా ఉంటిని.

పోలేని వారం కూడా ఆ బస్సే మా ఇద్దరికీ నోరు. అమ్మ కండక్టరుకు చెప్పి పంపేది. ఆ మనిషి మా వీధి మొదట్లో బస్సాపి, "అక్కా! మీ అమ్మ చింతచిగురు పంపించింది. తమ్ముని బిడ్డకు జరం తగ్గిందంట. నువ్వు ఎప్పుడొస్తావో చెప్పమనింది!" అని వీధంతా వినపడేటట్ల కేకేస్తా ఉండె. నేను తలుపు కాడినుంచే జవాబు అరిచేదాన్ని. మా ఇంటి సంగతులు పాకాల దాకా అందరికీ తెలుసు. తెలిస్తే తెలిసె.

అట్లుండగా మా ఇంటాయనకు కారు పిచ్చి పట్టింది. చిత్తూర్లో ఉండిన ఒక దొర ఊరిడిచి పోతా పోతా తన కారు అమ్ముకున్నాడు. దాన్ని ఈయన కొని తెచ్చినాడు. నల్లగా నిగనిగలాడతా, ముందర రెండు పెద్ద కండ్లేసుకొని వచ్చి మా వీధరుగు తిన్నె పక్కన నిలిచింది. టెంకాయ కొట్టినారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించినారు. వీధి వీధంతా వచ్చి తడిమి చూసి పోయింది. ఆయన నా దగ్గరికొచ్చి మెల్లిగా, "ఇంక నీకా బొగ్గు బస్సు పీడ వదిలింది. అమ్మను చూడాలనిపిస్తే పొద్దున పోయి మధ్యాన్నానికి వచ్చేయచ్చు" అన్నాడు. మంచి మనిషి, మనసులో ఉండిందే చెప్పినాడు. నాకూ సంతోషమే. అమ్మను వారానికి రెండుసార్లు చూసినట్లే అనుకున్నా. పిచ్చిదాన్ని!

మొదటిసారి కారులో చంద్రగిరి పోయినాము. పోయినాము అంటే అందరమూ. అత్త, ఇద్దరాడబిడ్డలు, వాళ్ళ పిల్లలు, డ్రైవరు పక్కన మా ఇంటాయన. నేను ఒక మూల ఇరుక్కొని కూర్చున్నా. అంగడి ముందర దిగేసరికి ఊరు మూగింది. అమ్మకు వచ్చినోళ్ళకు మర్యాదలు చేసేదే సరిపోయె. చాపలు పరిచె, కాఫీలు పెట్టించె, వియ్యపురాలి కాళ్ళకు నీళ్ళిచ్చె. నా పక్క తిరిగేదానికి పురసత్తు లేదు. వంటింట్లో ఒక నిమిషం చెయ్యి పట్టుకొని, "ఏంది పాపా, చిక్కినట్లుండావు" అనింది. అంతలో బయట కారు బూర మోగింది. పొద్దు గుంకేలోపల ఆయన మండీ కాడ ఉండాలంట. బయలుదేరినాము.

ఆ తర్వాత అదీ లేదు. ఎందుకంటే చెప్తా. మా పక్క ఒక పద్ధతి ఉండాది. ఇంటికొచ్చి తట్టలో వక్కాకు, అదే తాంబూలం, పెట్టి, చేతికిచ్చి ఒక మాట అడుగుతారు. ఆ వక్కాకు తీసుకుంటే ఒప్పుకున్నట్లే. ఇంక తిరుగు లేదు. ముందు కాలంలో పెండ్లి వంటకు పెద్ద గుండిగలడిగేదానికి, పెండ్లిబండికి ఎద్దులడిగేదానికి అట్ల వస్తా ఉండ్రి. ఇప్పుడు కారుకు రాబట్టిరి. పెండ్లికొడుకు ఊరేగింపుకు కారు, నిశ్చితార్థానికి కారు, కొత్త అల్లుడు వస్తే స్టేషనుకు కారు. మా అత్తకు వక్కాకు కాదనడం చాతకాదు. "శుభకార్యమని వాకిట్లోకి వచ్చి వక్కాకిస్తే వెనక్కి తిప్పుతారా? లచ్చిమిని వెళ్ళగొట్టినట్లు గాదా?" అంటా ఉండె. ఆమెకు లోపల సంతోషం కూడా ఉండెలే. ఊళ్ళో పెద్ద పెద్దోళ్ళందరూ తన తిన్నె ముందర నిలబడి అడగడం అంతకు ముందు ఆమె చూసిందా ఏమన్నా? ఆ సంతోషం నేను కాదనను.

పెట్రోలుకు చీటీలు. నెలకింత అని కొలిచి ఇస్తారు. ఆ కొలిచి ఇచ్చిందంతా పెండ్లికొడుకుల కింద పోసేదే సరిపోతా ఉండె. మేళగాండ్లు ముందర ఒక్కో అడుగు వేసి వాయించుకుంటా పోతా ఉంటే, వెనకాల మా కారు చీమ నడక నడుస్తా, పూలదండలేసుకొని, బుస్సు బుస్సుమని పెట్రోలు తాగుతా పోతా ఉండె. తిన్నె మింద నిలబడి చూస్తా, ఆ నడకలో తాగే పెట్రోలుతో నేను మా అమ్మ కాడికి పోయి వచ్చుందునే అని కడుపు మండిపోయేది. నెలలో చీటీలు మిగిలినప్పుడు టైరు ఉండదు. టైరు దొరికినప్పుడు డ్రైవరు ఊరికి పోయింటాడు. డ్రైవరు ఉండేప్పుడు నాకు తోడు ఉండదు. ఎందుకంటే పరాయి మొగోడు కారు నడపతా ఉంటే వెనకాల ఇంటి కోడలు ఒక్కతే కూర్చొని పోతే బాగుండదంట! బస్సులో అంత మంది పరాయి మొగోళ్ళ మధ్య పోయినప్పుడు లేని తప్పు, ఒక్క డ్రైవరుతో వచ్చి పడింది. ఆయన రావాలంటే మండీ, అత్త రావాలంటే మోకాలి నొప్పి.

సరే, నేను బస్సులోనే పోతానంటి. అత్త నా పక్క చూసిన చూపు ఇప్పటికీ గుర్తుండాది. "వాకిట్లో కారు పెట్టుకొని కోడలు బస్సు ఎనకాల నడస్తా, మసి పూసుకొని పోతా ఉండాదంటే, మా మొగం యాడ పెట్టుకోవాలమ్మే? రేపు మీ తమ్ముని అంగడి ముందర నువ్వు బస్సు దిగితే, ఏం, అత్తగారింట్లో తగువా అనుకోరా జనం?" అనింది. ఆయన్నడిగితే, "ఈ వారం వద్దులే, వచ్చే వారం నేనే తీసకపోతా" అన్నాడు. ఆ వచ్చే వారం ఎన్ని నెలలు నడిచిందో! అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కొని తినా తిననీదు అంటారే, ఆ కారు నాకట్లయిపోయింది.

కబుర్లు కూడా మెల్లిగా నిలిచిపోయినాయి. బస్సు మా వీధి మొదట్లో ఆగుతానే ఉండె గానీ, కేక లేదు. నేను పరిగెత్తి తలుపు కాడికి పోయే లోపల అది పొగ కక్కుకుంటా వెళ్ళిపోయేది. అమ్మ కబురు పంపలేదంటే బాగుండాదిలే అని నాకు నేనే చెప్పుకునేదాన్ని. లోపల భయం భయంగానే ఉండె. కండ్లు ఎంత మిగిలినాయో ఎవుర్నడిగేది?

ఆఖరికి ఆయనే నా మొగం చూళ్ళేక ఒక నెల చీటీలు ఎత్తిపెట్టినాడు. రేపు పొద్దున మనమిద్దరమే పోతామన్నాడు. నేను అమ్మకని మురుకులు కాల్చుకున్నా, నువ్వుండలు కట్టుకున్నా. పొద్దున్నే తలంటుకొని, చీర కట్టుకొని, మూట తీసుకొని పోయి కారులో కూర్చున్నా. కూర్చున్నానంటే ఎవురూ పైకి లేపలేరని ధైర్యం. ఆయన చెప్పులు తొడుక్కుంటా ఉండె.

అప్పుడు వచ్చినారు వీధి మలుపు తిరుక్కొని, భార్యాభర్తలిద్దరూ, చేతిలో తట్ట. ఆయనకు మండీలో బాగా కావాల్సినోళ్ళు. ఆ రోజే వాళ్ళ కూతురి పెండ్లికొడుకు స్టేషన్లో దిగుతాడంట, మాట్లాడుకున్న బండి ఏదో చెడిపోయిందంట. పాపం, వాళ్ళ గాబరా వాళ్ళది. అత్త గడపలో నిలబడుండె. నేను కారులోంచి "అత్తా, వద్దు! తీసుకోవద్దు!" అని గట్టిగానే అరిచినా. అత్త నా పక్క చూసింది, వాళ్ళ పక్క చూసింది, రెండు చేతులూ చాపి తట్ట అందుకుంది.

ఆయన ఒక చెప్పు తొడుక్కొని, ఒక చెప్పు చేత్తో పట్టుకొని అట్లనే నిలబడిపోయె. "వచ్చే వారం..." అని మొదలుపెట్టినాడు. నేను కారు దిగినా. మూట చంకన పెట్టుకొని వీధిలో బడి నడిచినా. వెనకాల అత్త, "ఏమ్మే, యాడికి? మర్యాద గల ఇంటి ఆడది చేసే పనేనా ఇది?" అని తిన్నె మింద నుంచి అరస్తానే ఉండె. అరిస్తే అరిచె. అన్ని నెలలు మర్యాదను మోసీ మోసీ నా భుజాలు కాయలు కాసినాయి. మోసేవానికి తెలస్తాది కావడి బరువు.

ఆయన నా వెనకాలే వచ్చినాడు. ఆపతాడేమో అనుకున్నా. ఆపలేదు. బస్సొస్తే మూట అందుకొని పైకిచ్చి, కింద నిలబడి చూస్తా ఉండె.

బస్సులో ఎక్కినానో లేదో పలకరింపులు. "ఏమక్కా, కారు చెడిపోయిందా?" ఒకామె. "అయ్యో, మీకేం ఖర్మమ్మా ఈ పొగలో!" ఇంకొకామె. "ఔ, చెడిపోయింది" అని చెప్పి కూర్చున్నా. నిజమే కదా! కండక్టరు టికెట్టు చింపిస్తా, నన్ను గుర్తుపట్టి, "ఎన్నాళ్ళకు కనిపిస్తివి అక్కా!" అన్నాడు. "మా అమ్మ కబురేమన్నా చెప్పిందా?" అంటే తల అడ్డంగా ఊపినాడు. "నేనే అడిగినా అక్కా, బిడ్డకేమన్నా చెప్పల్లా అవ్వా అని. కారుండేవాళ్ళకు బస్సు కబురెందుకప్పా, రావాలనుకుంటే వాళ్ళే వస్తారు అనింది. ఆ పైన నేనూ అడగలేదు."

మిట్ట కాడ అందరితో పాటు దిగి నడిచినా. మొగోళ్ళు గోవిందలు కొట్టినారు. ఈసారి నాకు నవ్వు రాలేదు. ఎండ నెత్తిన మండతా ఉండె, కాళ్ళు వేరే వాళ్ళ కాళ్ళ మాదిరి లాక్కొని పోతిని.

చంద్రగిరిలో దిగేసరికి మిట్టమధ్యాన్నం. తమ్ముడు లోపల బువ్వ తింటా ఉన్నట్లుండాడు. అమ్మ ఒక్కతే అంగట్లో, ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చోనుండె. నేను ముందరికి పోయి నిలబడినా. తలెత్తి నా మొగం పక్కే చూసింది. నవ్వింది కూడా.

"రామ్మా. ఏం గావాల? దారమా, సూదులా? తెల్లదారం అయిపోయింది, పసుపుదారం ఉండాది" అనింది.

ఆమె పసుపుదారం ఉండ కోసం తడుముకుంటా ఉండె, అలవాటైన చెయ్యి గాబట్టి సరిగ్గా దాని మిందికే పోయింది. "అమ్మా, నేనే" అంటిని. ఆ చెయ్యి ఆడనే నిలిచిపోయింది.

"బస్సులో వస్తివా?" అనింది. ఔనంటి. "అట్లనా! బస్సు శబ్దం విన్నా. కానీ లేవలేదు. ఈ మధ్య బస్సుకు లేసేది మానుకున్నా. కారు శబ్దమొస్తేనే లేస్తా ఉండా."

పక్కన కూర్చొని ఏడిచినా. వక్కాకు సంగతి, చీటీల సంగతి, అత్త సంగతి, అన్నీ ఏడుస్తా ఏడుస్తా చెప్పినా. అంతా విన్నది. నా మింద కోపం లేదు, ఎవురి మిందా లేదు. కొంగుతో ముక్కు తుడుచుకొని, చాలా నిదానంగా చెప్పింది.

"బస్సులో వచ్చే కాలంలో నువ్వు రాకపోతే, బస్సు యాడో చెడిపోయిందిలే అనుకుంటా ఉంటి. ఆ కండక్టరును తిట్టుకునేదాన్ని, బొగ్గును తిట్టుకునేదాన్ని. కారొచ్చినాక ఎవుర్ని తిట్టుకునేది పాపా? వాకిట్లో కారుండి కూడా రాలేదంటే, రాబుద్ధి కాలేదేమో అనుకుంటి."

మరదలు నీళ్ళ చెంబు తెచ్చి నా పక్కన పెట్టి లోపలికి పోయింది.

కొంచేపటికి అమ్మ నా చెయ్యి పట్టుకొని లేసింది. "ఈడ నీడ. రా, ఎండలోకి రా" అని అంగడి ముందరికి, రోడ్డు అంచుకు తీసకపోయింది. నన్ను ఎండకు ఎదురుగా నిలబెట్టి, రెండు చేతులతో నా గడ్డం ఎత్తి, తన మొగం నా మొగానికి దగ్గరగా పెట్టింది. కనురెప్పలు ఆర్పకుండా చూసింది. "ఇంకొంచెం ఇట్ల తిరుగు" అనింది. తిరిగినా. "అట్ల తిరుగు" అనింది. అట్లా తిరిగినా. దారిన పోయేవాళ్ళు నిలబడి చూస్తా ఉండ్రి. చానాసేపు చూసి, నా గడ్డం వదిలేసింది.

"పోనీలే పాపా," అనింది. "ఎండగా ఉండాది, లోపలికి పోదాం రా."